ఆయుధపూజ నాటి ఆటల డబ్బా

మెమరీ కార్డు లేదంటోంది డబ్బా. ఎడమచేతి రెండు వేళ్ళతో పట్టుకుని సందులోకి తోసి, టక్కుమని కూర్చున్న చప్పుడు నా చెవులతో నేను విన్న కార్డును పట్టుకుని లేదంటోంది. తెర మీద ఇంగ్లీషులో ఎర్రటి వరుస, అందులో మొదటి ముక్క నో, తక్కినది చదవక్కర్లేదు, ఎనిమిదో తరగతి దాకా చదివినవాడికి నో అంటే ఏమిటో బాగానే తెలుసు. తీశాను. ఊదాను. మళ్ళీ పెట్టాను. నో. చొక్కా అంచుతో తుడిచి పెట్టాను. నో. నీ బండబడ, నిన్న సాయంత్రం ఇదే కార్డును చూపించావు కదే, ఇవాళ నీకేం రోగం? గోడ మీద రెండుంబావు. నాలుగింటిలోగా జయచంద్రన్నకు మాట చెప్పాలి, నాలుగు దాటితే కంప్యూటర్ పనికి ఇంకొకరిని చూసుకుంటానని ఆయన నిన్న యూనిట్లో అందరి ముందరే అన్నాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు వీధికి నాలుగు ఉంటే ఉండనీ, పదమూడేళ్ళు నేను కటింగ్ మాస్టర్‌గా నిలబడ్డది ఆయన దగ్గరే, ఎనిమిది నెలల కింద నా కుడిచేతి మూడు వేళ్ళు పోయిందీ అక్కడే. ఇప్పుడు ఆయన నా ముందు పెట్టినవి రెండు కుర్చీలు. ఒకటి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ. రెండోది కంప్యూటర్ ముందు కుర్చీ. ప్యాంటు ముక్కల్లో ఏది ఏ మూల పడితే గుడ్డ వృథా కాదో ఇన్నాళ్ళూ నేను చాకుపీసుతో గీసి చూసేవాణ్ణి, ఇక మీదట తెర మీద పేర్చి చూస్తారట, ఎల్లుండి బెంగళూరు నుంచి మనిషి వచ్చి నేర్పుతాడట.

“నీకు గుడ్డ తెలుసు కుళ్ళాయప్పా, కంప్యూటర్ తెల్దు. నేర్చుకుంటానంటే ఆడ కూర్చో, లేదంటే గేటు కాడ ఉండు. రెండూ గౌరవమే” అన్నాడు జయచంద్రన్న.

రెండూ గౌరవమేనట. గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటే వచ్చేవాడూ పోయేవాడూ నా చెయ్యి చూసి పాపం అంటాడు, అది గౌరవం! ఈ ఎనిమిది నెలల్లో పాపం అన్న ప్రతివాడి నోట్లో మన్ను కొట్టాలనిపించింది నాకు. మా చౌడేశ్వరి ఒక్కతే అనలేదు. నా భార్య పాపం అనదు, గేటు అంటుంది. పొద్దున గేటు, సాయంత్రం గేటు, అన్నం పెడుతూ గేటు. “లోపలికి పోవద్దప్పా నువ్వు. గేటు కాడ ఉండు. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి అట్లనే ఇంటికొస్తే సాలు నాకు” అంటుంది, అని మొహం పక్కకు తిప్పుకుంటుంది. కంప్యూటర్ గదిలో కత్తి ఉండదే అని ఎన్నిసార్లు చెప్పానో. కానీ నా భయం ఏమిటో ఆమెకు చెప్పలేదు. బెంగళూరు నుంచి వచ్చిన ఆ కుర్రమాస్టరు ముందు నేను కూర్చుంటే, తెర మీద అక్షరాలు అర్థం కాక, ఎడమచెయ్యి ఎటు పోవాలో తెలీక తడబడితే, వాడు జయచంద్రన్న వైపు తిరిగి ఈయనతో కాదులెండి అంటే? ఆ మాట నేను విని బతకలేను. అందుకే నాతో నేనే పందెం వేసుకున్నాను. ఈ ఆటల డబ్బాలో పాత ఫర్మ్‌వేర్, అంటే దాన్ని లోపల్నించి నడిపే ప్రోగ్రాం, తీసేసి కొత్తది నేనే, ఈ చేతులతోనే, ఎవరి సాయమూ లేకుండా ఎక్కించి లేపానా, కంప్యూటర్ కుర్చీ నాది. డబ్బా నా చేతుల్లో చచ్చిందా, నోరు మూసుకుని కర్ర పట్టుకుంటాను.

డబ్బా అంటే ఎంత, చేతుల్లో పట్టుకుని ఆడే వీడియోగేమ్, అరచేయంత. శశికుమారూ నేనూ బళ్ళారిలో పాత సామాన్ల అంగట్లో కొన్నాం, అప్పటికే అది ముసలిది, ఒక మూల చిట్లి, వెనక మూత ఒకే ఒక మర మీద నిలబడి ఉంది. మా చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని టీవీకి తగిలించి ఆడిన ఆటలన్నీ దాని కడుపులో ఉన్నాయి, అయినా మాకు ఒకటే ఆట, బైకు రేసు. భోజనాలయ్యాక కటింగ్ బల్ల మీద పరిచిన గుడ్డ పక్కన మోచేతులు ఆనించుకుని వాడొక పందెం, నేనొక పందెం, ఓడినవాడు టీలు తేవాలి. శశి కూడా కటింగ్ మాస్టరే, కత్తి దగ్గర నాతో సమానం, రేసులో మాత్రం నా ముందు నిలిచింది తక్కువ, వాడు మోసిన టీలతో ఒక చెరువు నింపొచ్చు. తర్వాత వాడు బళ్ళారి యూనిట్‌కు వెళ్ళిపోయాడు. తర్వాత నా చెయ్యి పోయింది. బైకుకు గ్యాసు ఇచ్చే మీట కుడి బొటనవేలి కింద ఉంటుంది, నాకు ఆ వేలు లేదు, దాని పక్కదీ లేదు, ఆ పక్కదీ లేదు. ఒకసారి ప్రయత్నించాను, బైకు గీత మీదే నిలబడిపోయింది, పక్కనున్న బొమ్మల బైకులన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి, డబ్బాను బీరువాలో చీరల అడుగున పడేశాను. పది రోజుల కింద శశి ఫోన్ చేసి ఒకటే అరుపు. “రేయ్, కంపెనీవాడు పెట్టింది తీసేసి ఎవరో రాసిన కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవచ్చంట రా! డబ్బాకు మెదడు మార్చినట్ల. దాంట్లో ఏ మీటనైనా యాడికైనా మార్చుకోవచ్చంట. గ్యాసు ఎడం పక్కకు తెచ్చుకో. మళ్ళా ఒగ పందెం ఏస్తామా?” ఆ వెంటనే గొంతు తగ్గించి, “కానీ ఎక్కేటప్పుడు మధ్యలో కరెంటు పోయిందంటే డబ్బా ఇంగ లేయదు, రాయే. నేనొచ్చి ఎక్కిస్తా ఆదివారం” అన్నాడు. నువ్వు రావద్దు అన్నాను. ఎందుకురా అన్నాడు. రావద్దంటే రావద్దు అన్నాను. నాలుగు రోజులు ఫోన్‌తోనే ఇంగ్లీషు వరుసలను తెలుగు చేయించుకుని, ఒక్కో మెట్టు ఎడమచేత్తో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఒకటో తరగతి పలక మీద కూడా అంత వంకర రాతలు రాసి ఉండను. అయినా పద్నాలుగు మెట్లూ రాశాను.

ఇప్పుడు మూడో మెట్టు దగ్గరే నో. డబ్బాను కిటికీ వెలుతురులో పెట్టి కార్డు సందులోకి చూశాను. పసుపు. పసుపు మీద కుంకుమ. ఎండి, పెచ్చు కట్టి, రాగి పళ్ళన్నీ మూసుకుపోయి ఉంది. అయ్యో దేవుడా! పొద్దున్నే తలస్నానం చేసి, ఇంట్లో ఇనుమూ కరెంటూ తగిలిన ప్రతిదానికీ పూజ చేసింది మహాతల్లి. తన కుట్టుమిషన్, నా పాత కత్తెరలు, మిక్సీ, మోపెడ్, గ్యాసు పొయ్యి, ఆఖరికి నా ఫోన్ వెనకాల కూడా ఒక చుక్క. కత్తెరల పక్కన పీట మీద నేను పెట్టుకున్న డబ్బాను మాత్రం ఎందుకు వదులుతుంది? తడి పసుపు దట్టంగా పూసి, దాని మీద బొట్టు, ఆ బొట్టు కొలిచినట్టు సరిగ్గా కార్డు సందు మీద. “ఏమే చౌడేశ్వరీ! దీనికెవరు బొట్టు పెట్టమనిరి నిన్ను?” అని కేకేశాను. “అది మాత్రం ఆయుధం కాదా యేమి? నాలుగు దినాల నుంచి దాన్నే పట్టుకోని కూర్చుండావు, నీకు మంచి జరగాలని పెట్టినా” అంది వంటింట్లోంచి. తిట్టాలంటే నవ్వొచ్చింది, నవ్వాలంటే గడియారం కనిపించింది. యూనిట్లో కూడా ఇదే, పోయిన ఏడు పూజలో కుట్టుమిషన్ల మోటార్లలో అక్షింతలు పడి మర్నాడు రెండు మిషన్లు కదల్లేదు, మెకానిక్ విప్పి బియ్యం గింజలు ఏరుతుంటే అందరం చుట్టూ నిలబడి నవ్వాం.

ఆ పెచ్చు రావాలంటే సన్నటి కుచ్చు కావాలి. కుచ్చు కుట్టుమిషన్ సొరుగులో ఉంది, సూది కింద పేరుకున్న దూది దులిపేది. మిషన్ మీద బంతిపూల దండ, దండ మీద నిమ్మకాయ. పూజ చేసిన యంత్రాన్ని మర్నాటి దాకా ముట్టుకోకూడదు, ఊరంతా అంతే, ఇవాళ రాయదుర్గంలో ఒక్క సూది కదలదు. నేను లేచి మిషన్ దగ్గరికి వెళ్ళేసరికి చౌడేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది. సొరుగు తెరవాల అన్నాను. “తెరవగూడదు. రేపు పొద్దున తీసుకో” అంది. అప్పుడు చెప్పేశాను. నా పందెం సంగతి, డబ్బా లేస్తే కంప్యూటర్, లేవకపోతే గేటు, అంతా, నిలబడి. చెప్పాక తెలిసింది ఎంత పిచ్చిపని చేశానో. ఆమెకు కావలసింది గేటే కదా. ఊరికే అలా అడ్డం నిలబడి ఉంటే చాలు, నాలుగు దాటిపోతుంది, ఆమె కోరిక తీరుతుంది, పైగా తప్పు దేవుడిది. ఆమె నన్ను చూసింది, మిషన్‌ను చూసింది. దండ తీసి పక్కన పెట్టింది. మిషన్‌కు దండం పెట్టి, “తల్లీ, తప్పు నాది, ఆయప్పది కాదు” అని సొరుగు తెరిచి కుచ్చు నా చేతిలో పెట్టింది. “నేను పెట్టిన బొట్టుతోనే నీకు గేటు వచ్చిందని రేపు నా మీదికి రాగూడదు, అంతే” అంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఈ మనిషి నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

కుచ్చు ఉంది, తడపడానికి ఏది? స్పిరిట్. బీరువా మీద ఆసుపత్రి సంచి, సంచిలో నా కట్లకు వాడగా మిగిలిన సీసా, మూత పళ్ళతో తీయగానే ఆ వాసన. ఆ వాసనకు లేని మూడు వేళ్ళూ ఒక్కసారిగా మండాయి. డాక్టరు చెప్పాడు, లేని వేళ్ళు కూడా నొప్పి పెడతాయని. కుచ్చు ముంచి, సందులో మెల్లగా, ఒక్కో రాగి పంటినీ తడుపుతూ, ఎడమచేత్తో, ఊపిరి బిగబట్టి. ఆ రోజు నిలువుగా తిరిగే కత్తి ముందు జేబు ముక్కలు కోస్తున్నాను, కత్తి రిబ్బను లాగా పైనుంచి కిందికి పరుగెత్తుతూనే ఉంటుంది, గుడ్డ కట్టను మనమే దాని మీదికి నెట్టాలి. చేతికి ఇనుప గొలుసుల గ్లవ్ తొడుక్కోవాలి. తొడుక్కోలేదు. గ్లవ్ వేసుకుంటే గుడ్డ తెలియదని మేమందరం అంటాం, గొప్పగా అంటాం, గ్లవ్ వేసుకున్నవాణ్ణి కొత్తవాడా అని ఎగతాళి చేస్తాం. పదమూడేళ్ళు నేనూ ఎగతాళి చేశాను. కత్తి ఒక్క చప్పుడు కూడా చేయలేదు, నీలం గుడ్డ నల్లగా మారితే ఏమిటా అనుకున్నాను. చాలు. కుచ్చుకు ఎర్రగా కుంకుమ అంటుకుని వచ్చింది, దూదితో ఒత్తాను, మళ్ళీ ముంచాను, మళ్ళీ ఒత్తాను, రాగి మెరిసింది. ఆరబెట్టడానికి చౌడేశ్వరి విసనకర్రతో విసిరింది. కార్డు పెట్టాను. టక్. ఎర్ర వరుస పోయింది. పచ్చ వరుస. నా ఫైలు పేరు, కార్డును ఫోన్‌కు తగిలించే పిన్నుతో నేను ఎక్కించిన ఫైలు, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను, అదే. హా! రెండూ యాభై.

ఇక అసలు మెట్టు. ఎడమ భుజం మీటా, కుడి కింది మీటా, పవర్ మీటా మూడూ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి, పది లెక్కపెట్టే దాకా వదలకూడదు. ఎవడ్రా ఇది రాసింది, చేతులు నిండుగా ఉన్నవాడు! ఎడమచేత్తో రెండు నొక్కగలను, మూడోది కుడి పక్కన. కుడివైపు నాకున్నవి ఉంగరపు వేలు, చిటికెన వేలు, ఎనిమిది నెలలుగా తిని కూర్చుంటున్నవి. చిటికెన వేలు వంచాను. జారింది. మళ్ళీ. ఆరు దాకా లెక్క వచ్చి మళ్ళీ జారింది. పసుపు జిడ్డు ఇంకా ఉంది ఆ మీట మీద. ప్యాంటుకు రుద్ది, ఈసారి చిటికెన వేలి మీద ఉంగరపు వేలు ఎక్కించి రెండింటితో కలిపి నొక్కాను. ఏడు, ఎనిమిది, వేళ్ళు వణుకుతున్నాయి, తొమ్మిది, వణికితే వణకండి గానీ వదలొద్దు, పది. తెర నల్లబడి, మధ్యలో తెల్లటి సన్నగీత, గీత కింద సున్నా. తర్వాత ఒకటి. ఎక్కుతోంది! “ఎక్కుతాండాదే!” అని నేను అరిచిన అరుపుకు చౌడేశ్వరి విసనకర్ర కింద పడేసింది.

ఇక చేసేదేమీ లేదు, కూర్చుని చూడటమే. డబ్బా బ్యాటరీ ముసలిది, చార్జరు పెట్టి ఉంచితేనే నిలుస్తుంది, తీస్తే ఐదు నిమిషాలు. పన్నెండు. పదమూడు. కత్తి గుడ్డలో దిగాక మధ్యలో ఆపకూడదు, కటింగ్‌లో మొదటి పాఠం అది, ఆపితే అంచు పళ్ళు పళ్ళుగా తెగి కట్ట మొత్తం పారేయాలి. ఇది కూడా అంతే. ఇరవై. వీధిలో యూనిట్ల ముందు గుమ్మడికాయలు పగులుతున్నాయి, మైకులో పాట, రంగుదీపాలన్నీ పట్టపగలే వెలిగించి పెట్టారు, ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. ఇరవై ఏడు. గుమ్మగట్ట దగ్గర మా ఊళ్ళో మూడో బోరు వేసిన రోజు ఇలాగే కూర్చున్నాం. నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచాడు, ఒకచోట టెంకాయ లేచి నిలబడింది, ఇక్కడే నీళ్ళు అన్నాడు. రిగ్గు దిగుతుంటే తెల్లటి రాతిపొడి మా అందరి తలల మీదా పడింది. కడ్డీ దిగినప్పుడల్లా నాయన “తడి తగిల్నా?” అని అడిగేవాడు. రిగ్గు మనిషి తల అడ్డంగా ఊపేవాడు. మూడు వందల అడుగులకు ఆపేశారు. ఆ మర్నాడే నాయన నన్ను బళ్ళారి బస్సెక్కించి, గుడ్డ కోయడం నేర్చుకోపో, మన్ను నమ్ముకోవద్దు అన్నాడు. ఆ రోజు నాయన చేయడానికేమీ లేదు, నీళ్ళు ఉండడం లేకపోవడం రాతి ఇష్టం. ఇవాళ నాది అలా కాదు. కార్డు తుడిచింది నేను, ఫైలు ఎక్కించింది నేను, మీటలు నొక్కింది నేను. నలభై నాలుగు. ఎక్కడో ఉన్న ఎవరో ఒక మనిషి, మొహం తెలీదు, ఊరు తెలీదు, ఇది రాసి ఊరికే ఇచ్చాడు, మీటలు మార్చుకోండి అని ఒక వరుస పెట్టాడు. ఆ వరుస ఎవరికోసం పెట్టి ఉంటాడు? చేతులు నిండుగా ఉన్నవాడికి దాంతో ఏం పని? నాలాంటివాడు ఒకడు ఉంటాడని ఆ మహానుభావుడికి ఎలా తెలిసిందో, ఆయన ఇల్లు చల్లగా ఉండ. యాభై ఎనిమిది. అరవై. అరవై ఒకటి.

మైకు ఆగిపోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా, మెల్లగా, విడివిడిగా కనిపిస్తూ, ఆగాయి. చార్జరు మీద ఎర్రచుక్క లేదు. కరెంటు! ఊరంతా దీపాలు పెట్టి పెట్టి చంపేశారు కదరా! అరవై రెండు. తెర మూలలో బ్యాటరీ బొమ్మ, అడుగున ఒకే ఒక ఎర్రగీత, ఐదు నిమిషాలు, కాదు, తెర వెలుగుతుంటే నాలుగే, ఇంకా ముప్పై ఎనిమిది అంకెలు ఎక్కాలి, చాలదు, చాలదు. చౌడేశ్వరి గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆలోచించు కుళ్ళాయప్పా, ఆలోచించు. కరెంటు ఎక్కడుంది? మోపెడ్‌లో ఉంది, దాన్నుంచి తీయలేను. ఫోన్‌లో ఉంది. ఫోన్‌లో ఉంది! కార్డు పిన్ను, దాన్ని ఫోన్‌కు గుచ్చితే కార్డు వెలిగింది, అంటే ఫోన్ ఇవతలికి కరెంటు ఇస్తుంది, ఇవ్వకపోతే కార్డు ఎలా వెలుగుతుంది? పిన్ను జేబులోనే ఉంది, చార్జరు తీగ మూతి పట్టే సందు కూడా దానికి ఉంది. ఫోన్‌ను మోకాళ్ళ మధ్య బిగించాను, పిన్ను ఎడమచేత్తో గుచ్చాను, చార్జరును గోడ నుంచి పీకాను, పట్టుకోవడానికి చెయ్యి లేదు, దాన్ని కాలికింద తొక్కిపెట్టి తీగను పళ్ళతో లాగాను, తీగ పెద్దమూతి పిన్నులో పెట్టాలి, తిరగేసి పెట్టాను, పోలేదు, ఇటు తిప్పాను, పోయింది. అరవై ఎనిమిది. ఏమీ కాలేదు. అరవై తొమ్మిది. బ్యాటరీ బొమ్మ పక్కన చిన్న మెరుపు గుర్తు. వచ్చింది! తాగుతోంది! నా ఫోన్‌లోంచి నా డబ్బా కరెంటు తాగుతోంది, ఇది ఆ పద్నాలుగు మెట్లలో లేదు, శశి చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, నాకు తట్టింది, నాకు! ఫోన్‌లో పందొమ్మిది శాతం ఉంది. చాలు.

డెబ్బై ఆరు దగ్గర ఫోన్ మోగింది. మోకాళ్ళ మధ్య గడగడ వణుకుతూ, తెర మీద జయచంద్రన్న పేరు. చౌడేశ్వరి చెయ్యి చాపింది. “ముట్టద్దు!” అన్నాను. “ఓనరప్పా! ఎత్తకుంటే ఏమనుకుంటాడు?” అంది. అనుకోనీ. ఫోన్ వణికితే పిన్ను కదులుతుంది, కదిలితే అంతా అయిపోతుంది. కుడిచేతి రెండు వేళ్ళతో పిన్నును కొక్కెంలా పట్టుకుని అదిమాను, పట్టు దొరికింది, గట్టిగా, ఇంత గట్టిగా పట్టుకుంటాయని నాకే తెలీదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. పదమూడేళ్ళలో ఆయన ఫోన్ నేను ఒక్కసారి కూడా ఎత్తకుండా ఉండలేదు. ఎనభై ఐదు. ఆగింది. తొంభై. చెమట కంట్లోకి కారుతుంటే చౌడేశ్వరి కొంగుతో తుడిచింది, తెర వైపే చూస్తూ. తొంభై ఆరు, తొంభై ఏడు, ఇక్కడ ఎందుకో చాలాసేపు నిలబడింది, చచ్చానురా అనుకున్నాను, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. నూరు. తెర నల్లగా అయిపోయింది.

నల్లగానే ఉంది. నా మొహమే అందులో కనిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు, పద్నాలుగో మెట్టులో రాసుకున్నాను, నిమిషం దాకా నల్లగా ఉండొచ్చు, భయపడొద్దు, ముట్టుకోవద్దు అని. చెప్పేవాడికేం, చెప్తాడు. ముప్పై. “ఏమాయప్పా? సచ్చిపోయినాదా?” అంది చౌడేశ్వరి. నోరు మూసుకోవే అనబోయి అనలేదు, ఎందుకంటే ఆమె గొంతు వణికింది. గేటు కావాలన్న మనిషి గొంతు డబ్బా కోసం వణికింది. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. నీలం. ఒక్క మెరుపులా నీలం, ఆ తర్వాత కొత్త బొమ్మ, కొత్త అక్షరాలు, నేను ఎన్నడూ చూడని పటం, కింద వరుసగా ఆటల పేర్లు. లేచింది! లేచిందే! లేపాను! నేను ఎగిరి గంతేస్తే ఫోనూ పిన్నూ తీగా అన్నీ వేలాడుతూ నాతోపాటే ఎగిరాయి, పక్కింటివాళ్ళు ఏమైందో అని కిటికీలోంచి చూశారు, చూడనీ, ఇన్నాళ్ళూ పాపం అని చూశారు, ఇప్పుడు ఇలా చూడండి! అప్పుడొచ్చింది కరెంటు, తీరిగ్గా, ఫ్యానూ మైకూ ఒక్కసారే. ఇప్పుడెందుకొచ్చావే తల్లీ అని నవ్వాను. నవ్వు ఆగలేదు.

మీటల వరుస వెతికి పట్టుకోవడానికి మూడు నిమిషాలు. తెర మీద డబ్బా బొమ్మ, బొమ్మ మీద ప్రతి మీటకూ ఒక గడి. గ్యాసు గడి మీదికి వెళ్ళి ఎడమ భుజం మీట నొక్కాను, గ్యాసు ఎడమ చూపుడువేలి కిందికి వచ్చేసింది, పిలిచినట్టు. బ్రేకు దాని వెనక మీటకు. మలుపులు ఎడమ బొటనవేలికి ఎప్పటిలాగే. కుడిచేతి రెండు వేళ్ళకు పట్టుకునే పని ఇచ్చాను. బైకు రేసు తెరిచాను. మూడు, రెండు, ఒకటి, పచ్చదీపం, చూపుడువేలు నొక్కాను, గీత మీద బైకు ఉరికింది. అబ్బా! మొదటి మలుపులో బయటికి కొట్టుకుపోయాను, రెండో మలుపులో గోడకు రాసుకున్నాను, ఎడమచేతికి రెండు పనులు ఒకేసారి చేయడం తెలీదు, నేర్చుకో, బొటనవేలు మెల్లగా, చూపుడువేలు వదలకుండా, అంతే, అంతే. మొదటి రేసు ఆరో స్థానం. రెండోది నాలుగు. మూడో రేసులో ఆఖరి మలుపు దగ్గర నా ముందు ఒక్క ఎర్ర బైకే ఉంది. ఆ మలుపు నాకు తెలుసు, వందసార్లు శశిని ఓడించిన మలుపు, లోపలి అంచు పట్టుకోవాలి, బ్రేకు ముట్టకూడదు. ముట్టలేదు. “ఎర్రోన్ని దాటప్పా, దాటు దాటు” అని నా భుజం మీద కొడుతోంది చౌడేశ్వరి. దాటాను. గీత దాటాను. ఫస్టు! ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ఆమె నా కుడిచెయ్యి పట్టుకుంది, ఎప్పుడూ చీరకొంగు అడ్డం పెట్టి పట్టుకునేది, ఈసారి కొంగు లేకుండానే పట్టుకుంది, రెండు వేళ్ళనూ పిడికిట్లో పెట్టి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మూడూ యాభై మూడు. నా ఫోన్ చచ్చిపోయింది. నేను అడగకముందే చౌడేశ్వరి తన ఫోన్‌లో నెంబరు కలిపి నా చెవి దగ్గర పెట్టింది. “ఇంగ గేటు అనను, పో” అంది నెమ్మదిగా. జయచంద్రన్న ఎత్తాడు.

“ఏం కుళ్ళాయప్పా, రెండుసార్లు చేసినా, ఎత్తవేమి? జవాబు రాలేదని గేటుకే నీ పేరు రాసుకుంటి.”

“కొట్టేయన్నా. గేటుకు ఇంకొగరిని చూసుకో. ఎల్లుండి కంప్యూటర్ ముందర నేను కూర్చుంటా.”

“నీకు మంచిదని చెప్తాండా, కోపం తెచ్చుకోవద్దు. మౌస్ కుడిచేత్తో పట్టుకోవాల గదప్పా. ఎట్ల చేస్తావు?”

“ఎడం పక్కకు పెట్టుకుంటా. మీటలు కూడా ఎడంచేతికి మార్చుకుంటా. మార్చుకోవచ్చన్నా, నాకు తెలుసు.”

“నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే చేసి చూసినా.”

ఆయన పక్కన ఎవరితోనో ఏదో అన్నాడు, కాగితం చప్పుడైంది.

“సరే, కొట్టేసినా” అన్నాడు. “ఎల్లుండి తొమ్మిదింటికి రా.”